ఓలిగలకు పుత్తూరు కట్టు

నందూ, పాపా, ఫోను చెవికి రొవ్వంత దగ్గిరగా పెట్టుకోండి. మీ అవ్వ గొంతు దోమ రెక్కంత, తెలుసు గదా. ఈ గొంతుతో నేను బతుకంతా కలిపి ఒక్కసారే అరిచినా. ఆ ఒక్క అరుపుకు మా వీధి రెండుగా చీలింది, ఐదుమందిమి బస్సెక్కి పుత్తూరు పోయినాము, ఇంటి పరువు కొండ మెట్ల మీంద నుంచి టెంకాయ దొర్లినట్టు దొర్లింది.

నిన్న నందుగాడు బ్యాడ్మింటన్‌లో ఓడిపోయి, "కాలు బెణికిందవ్వా" అన్నాడు గదా. ఆ మాట వినంగానే నాకు నవ్వొచ్చి ఫోను పెట్టేసినా. సిగ్నలు పోయిందనుకున్నారు మీరు. సిగ్నలు కాదు నాయనా, పోయింది నా మానం, ఎప్పుడో డెబ్బైల చివర్లో.

అప్పుడు నాకు ఇరవై ఏండ్లు. పెండ్లయి ఎనిమిది నెలలు. తిరపతిలో కాపరం. మీ తాత తమ్ముడు భాస్కరుడు కాలేజీలో బాక్సింగ్ నేర్చుకుంటా ఉండె. పొద్దున్నే పాశురాలు సదివే ఇంట్లో, ముక్కులు పగలగొట్టే విద్య! వాళ్ళ మాస్టరు కబురు పంపినాడు, "పిల్లోడు బలంగా ఉండాలంటే రోజుకు నాలుగు గుడ్లు పెట్టండి" అని. మా అత్త చెవులు మూసుకునింది.

"ఈ ఇంట్లో గుడి తెలుసు గానీ గుడ్డు తెలీదని చెప్పు!"

అంతే, గుడ్డు కథ ముగిసింది. కొత్త కోడల్ని, తెలివి ఎక్కువ. గుడ్డు లేకపోతే ఏం, నెయ్యి లేదా అనుకున్నా. భాస్కరుడికి నాయుడుపేట పిల్లోడితో పోటీ ఉండే పొద్దున, అత్త గుడికి పోంగానే పొయ్యి ముట్టించి ఓలిగలు చేసినా, మీరు బొబ్బట్లంటారే, అవి. వాటి మీంద పోసిన నెయ్యి యాడిదంటారు? శనివారం స్వామికి నైవేద్యంగా తళిగ వెయ్యడానికి అత్త దాచిపెట్టిన నెయ్యి. మెల్లిగా చెప్తాండా, ఇప్పటికీ భయమే.

"వదినా, చాలు."

"తిను నాయనా. ఆ నాయుడుపేటోడు కొడితే ఈ నెయ్యే అడ్డం పడతాది."

"వదినా, ఊపిరాడలేదు."

"ఊపిరి ఆడకపోతే ఏం, చెయ్యి ఆడితే చాలు!"

పద్నాలుగు ఓలిగలు. వాడు లేసి నిలబడినప్పుడు నిండు బిందె నడిచినట్టుండె.

పోటీ కాలేజీ మైదానంలో. ఆడోళ్ళకు ఒక పక్క బెంచీలు వేసినారు. మీ తాత వాటికి ముందర, మొగోళ్ళ వరసలో కూసున్నాడు. ఆ నాయుడుపేట పిల్లోడి పేరు కోటయ్య. కందికంప మాదిరి సన్నగా ఉండాడు. వాణ్ణి సూసి నేను జాలి పడినా గూడా. మావోడు రింగులోకి ఎక్కేదానికి తాడు పట్టుకొని రెండు తూర్లు ఊగినాడు. మొదటి రౌండంతా కోటయ్య వాడి చుట్టూ తిరిగినాడు, గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు. మావోడు మూలవిరాట్టు, కదల్లేదు. రెండో రౌండులో కోటయ్య ఎడమ చెయ్యి ఎత్తినాడు. ఇంకా తగల్లేదు. మావోడు "హమ్మా" అని కూసున్నాడు. ఎట్లా? పంక్తిలో విస్తరి ముందర కూసున్నట్టు, బాసింపట్టు వేసుకొని! రెఫరీ పది దాకా లెక్కబెట్టినాడు. వాడు లెయ్యలేదు. త్రేన్చినాడు.

మీ తాత గిరుక్కున నా దిక్కు తిరిగినాడు. "ఏమే, ఏమైంది వీడికి? పొద్దున ఏం తిన్యాడు?"

ఏం తిన్యాడు! ఆ మాట ఇంటికి పోయి అత్త చెవిన పడితే? నెయ్యి గిన్నె బయటికి తీస్తే? అప్పుడు అరిచినా, మైదానమంతా ఇనపడేట్టు:

"చెయ్యి బెణికింది! పొద్దున్నే బెణికింది పాపం వాడికి!"

ఆడలేక మద్దెల ఓడు అంటారు. ఆడినోడు వాడు, ఓడు మద్దెల మోసింది నేను.

సాయంత్రానికి మా ఇంటి ముందరి తిన్నె మీంద బాక్సింగ్ పండితులు చేరినారు. ఒకడు టైలరు మునస్వామి, భాస్కరుడంటే ప్రాణం. ఇంకొకడు బంగారుపాళ్యం నుంచి వచ్చి మా వీధిలో మామిడికాయల మండీ పెట్టుకున్న గోపాలప్ప. ఆయన దేన్నీ నమ్మడు. కాయ కోసి చూస్తే గానీ పండని ఒప్పుకోడు.

"కుడి చెయ్యే బెణికిందప్పా," అన్నాడు మునస్వామి. "నేను గమనిస్తానే ఉండా. ఆ చెయ్యి పైకి లెయ్యనే లేదు."

"ఎడమది గూడా లెయ్యలేదు గదబ్బా?" అన్నాడు గోపాలప్ప.

"అయితే రెండూ బెణికినాయి!"

"మరి కాళ్ళు? అవీ కదల్లేదే."

"చెయ్యి నొప్పి కాళ్ళకు దిగతాదప్పా. నరం ఒకటే గదా."

"గెలిచినోడికి నొప్పే ఉండదు, ఓడినోడికి ఒళ్ళంతా నొప్పే. నా అరవై ఏండ్లలో ఇదే సూస్తా ఉండా," అని గోపాలప్ప తలుపు దిక్కు తిరిగినాడు. "ఏమ్మా ఆండాళూ, నువ్వే గదా అరిచింది. కుడా, ఎడమా?"

నేను తలుపు ఎనకనే కరిగిపోయినా. "అడిగి చెప్తా," అన్నా. లోపల భాస్కరుడు చాప మీంద కడుపు పట్టుకొని పడున్నాడు.

"వదినా, ఏ చెయ్యో గట్టిగా అనుకొని చెప్పు. ఆ పక్క పట్టుకొని తిరగతా."

"ఎడమ చెయ్యి నాయనా. కుడి చేత్తో అన్నం తినాల గదా."

"అన్నం పేరెత్తొద్దు వదినా!"

అంతటితో పోయుంటే బాగుండు. మర్నాడు వాళ్ళ మాస్టరు వచ్చినాడు. "నిజంగా చెయ్యి బెణికి ఓడిపోయుంటే ఇంకొక పోటీ పెట్టిస్తా. అయితే పుత్తూరులో చూపించుకొని రండి," అన్నాడు. మన పక్కల పుత్తూరు కట్టు పడకపోతే దెబ్బ దెబ్బే కాదు గదా. ఎముక విరిగినా సరే, ఆడ పసురు పూసి కట్టు కడితేనే అది విరిగినట్టు లెక్క!

భాస్కరుడి మొగం వెలిగింది. ఇంకొక పోటీ! నిజం చెప్తే వాడికి పోటీ పోతాది, నాకు అత్త దగ్గిర పేరు పోతాది. చెప్పకపోతే పుత్తూరు పోవాల. అబద్ధమాడినా అతికినట్టు ఉండాలంటారు. నాది అతకలేదు, సరే, అతికించుకునేదానికి పుత్తూరుకు బయలుదేరినాము. నేను, మీ తాత, భాస్కరుడు, సాక్షికి మునస్వామి, అనుమానానికి గోపాలప్ప.

ఆడ కట్టు కట్టే పెద్దాయన ముందర చాంతాడంత వరస. మా వంతు రాంగానే భాస్కరుడు కుడి చెయ్యి సాపినాడు. నేను దగ్గినా. ఎడమ చెయ్యి సాపినాడు. పెద్దాయన మణికట్టు నొక్కినాడు, మోచెయ్యి నొక్కినాడు, వేళ్ళు ఒక్కొక్కటీ లాగినాడు.

"యాడ నొప్పి అబ్బాయా?"

వాడు బిక్కమొగమేసి నా దిక్కు తిరిగినాడు. "నాకు తెల్దు సామీ. వదినకు తెలుసు."

పెద్దాయన నన్ను ఎగాదిగా చూసినాడు. "ఎముక ఇనుము మాదిరి ఉండాది. నొప్పి నీకు తెలుసా తల్లీ?"

నేను నోరు తెరవకముందే ఎనక నుంచి ఒక గొంతు. "అన్నా, నువ్వా!"

చూస్తే కోటయ్య! గెలిచిన కోటయ్య! కుడి చేతికి టవలు చుట్టుకొని, వాళ్ళ నాయనతో వరసలో నిలబడుండాడు. చెయ్యి గుమ్మడికాయంత వాచింది.

"సైకిలు మీంద నుంచి పడినాడు సామీ," అని చెప్తా ఉండాడు వాళ్ళ నాయన. "పోటీకి నాలుగు దినాల ముందు. వద్దురా అంటే ఇనలేదు. నొప్పని ఎవురికీ చెప్పొద్దన్నాడు. ఒంటి చేత్తోనే కొట్లాడినాడు."

గోపాలప్ప మెల్లిగా మునస్వామి దిక్కు తిరిగినాడు. "ఏమప్పా, చెయ్యి బెణికినోడు గెలిచినాడంట."

మునస్వామి ఓడేవాడా? "ఎడమ చేత్తో కొడతాడని మనోడికి ముందే చెప్పుండాల్సింది. అది మోసం!"

కోటయ్య మాత్రం పసిబిడ్డ మాదిరి అడిగినాడు. "అన్నా, నిజంగా అడగతాండా, ఆ పొద్దు నీకు ఏమైంది? నేను ఇంకా కొట్టనే లేదే, కూసుంటివి?"

ఆ పిల్లోడి వాచిన చెయ్యి చూసి భాస్కరుడు తల దించుకున్నాడు. "పద్నాలుగు ఓలిగలు తిన్యాను తమ్ముడా. నెయ్యేసి. వదిన పెట్టింది."

వరసలో ఉండే చేతులూ కాళ్ళూ విరిగినోళ్ళంతా, నొప్పి మరిచిపోయి నవ్వినారు. మీ తాత గోడ దిక్కు తిరిగి నిలబడినాడు, భుజాలు ఊగతా ఉండాయి. పెద్దాయన పసురు గిన్నె పక్కకు జరిపి అన్నాడు:

"వీడి చేతికి కట్టు అక్కర్లేదు. కట్టాల్సింది నీ నోటికి తల్లీ. అది ఈడ కట్టము."

ఇంటికొచ్చి అత్తకు నేనే చెప్పుకున్నా, నెయ్యితో సహా. తిడతాదనుకున్నా. ఆమె గిన్నె తెచ్చి, వంచి చూసి, నిమ్మళంగా అనింది: "స్వామి నెయ్యి వాడు తిన్యాడు. స్వామే వాణ్ణి కూసోబెట్టినాడు."

ఆ మాట మునస్వామి చెవిన పడింది. మర్నాటి నుంచి తిన్నె మీంద అదే పాట: "మనోడు ఓడలేదప్పా! స్వామితో ఎవురు గెలుస్తారు?"

కోటయ్య చెయ్యి బాగైనాక ఇద్దరికీ మళ్ళా పోటీ పెట్టినారు. కోటయ్యే అడిగి పెట్టించుకున్నాడు. ఈసారి భాస్కరుడు రొవ్వంత మజ్జిగన్నం తిని పోయినాడు. మూడు రౌండ్లూ నిలబడి కొట్లాడినాడు. ఓడిపోయినాడు. గోపాలప్ప నా దిక్కు ఒంగి, "ఏమ్మా, ఈ తూరి ఏం బెణికింది?" అన్నాడు. మైదానంలో సగం మంది చెవులు రిక్కించినారు.

"ఏమీ బెణకలేదప్పా," అన్నా. "మావోడి కంటే ఆ పిల్లోడు బాగా కొట్టినాడు."

"ఇది పండే," అని గోపాలప్ప కోసి చూడకుండానే ఒప్పుకున్నాడు. ఆ తిన్నె మీంద అట్లాంటి మాట అంతకు ముందు ఎవురూ అనలేదు మరి.

అందుకని ఏడుకొండల వాడి మీంద ఆనబెట్టి చెప్తాండా, ఇంక ఈ జన్మలో ఎవురి చెయ్యీ బెణికిందని నేను చెప్పను. నా మోకాలి సంగతి ఏరే, అది నిజంగానే నొప్పి. ఆదివారం భజనలో రాగం తప్పింది గూడా ఆ మోకాలి వల్లనే.

అది సరే గానీ నందూ, నీకు బెణికింది ఏ కాలు నాయనా? కుడా, ఎడమా? ఆలోచించి చెప్పు, తొందరేమీ లేదు.