అగ్గిపుల్ల లేని పొయ్యి కోసం ఉట్నూరుకు

ఆదివారం ఉదయం ఐదున్నరకు కరీంనగర్ బస్టాండు చేరేసరికి నా సంచిలో ఉన్నవి ఇవి: ఇత్తడి తీగల బ్రష్షు, పానా, గుండుసూదులు, చింపిన బనియను గుడ్డ, మా బావ రాసిన కార్డు. కార్డులో మూడే ముక్కలు. మిషన్ అంటుకోవడం లేదు. ఆదివారం సాయంత్రం అరవై మందికి విందు. పాత బొగ్గుల పొయ్యి పగలగొట్టేశాను.

పాలిటెక్నిక్ అయ్యాక నేను చేసిన మొదటి వస్తువు ఆ మిషన్. రేకు డబ్బా, లోపల నిప్పు గిన్నె, పైన కోడిని కాల్చే జాలీ. రంపపు పొట్టును గట్టిగా ఒత్తి చేసిన గోళీలు గిన్నెలో పోసి స్విచ్చు వేస్తే, డీజిల్ జీపు నుంచి తీసిన హీటరు కడ్డీ ఎర్రబడి వాటిని అంటిస్తుంది. అగ్గిపుల్లతో పనిలేదని ఉట్నూరులో హోటల్ నడిపే బావ ఊరంతా చెప్పుకున్నాడు. భయపడాల్సిన నాకు, మిషన్‌ను మళ్లీ చూడబోతున్నానని పెళ్లికి పోతున్నంత సంబరంగా ఉంది.

ఆరుకు బస్సు కదిలింది. జగిత్యాలలో ఒక పెద్దమనిషి ఒళ్లో కోడిపుంజుతో నా పక్కన కూర్చున్నాడు. నా బ్రష్షు చూసి, "గిదేంది బిడ్డా, పండ్లు తోముతవా దీంతోని?" అన్నాడు. కోళ్లను కాల్చే పొయ్యి కోసమని వివరంగా చెప్పాను. ఆయన పుంజును మెల్లగా కిటికీ వైపు మార్చుకున్నాడు.

గోదావరి దాటి, లక్షెట్టిపేటలో తొమ్మిదిన్నరకు బస్సు మారాను. వెళ్లేవారు కడుపు నింపుకోవలసింది ఇక్కడే. జన్నారం తర్వాత అంతా టేకు చెట్లే. పన్నెండున్నరకు ఉట్నూరు.

"బామ్మర్దీ, కోళ్లు కోసిన. ఇగ ఇజ్జత్ నీ చేతుల ఉన్నది" అన్నాడు బావ, నా సంచి అందుకుంటూ.

బ్యాటరీ బాగుంది. వైర్లు బాగున్నాయి. మూత తీశాను. లోపల నిప్పు గిన్నె పండగనాటి గోడలా ఎర్రగా, నున్నగా మెరుస్తోంది. గాలి రంధ్రాలు ఒక్కటీ కనిపించలేదు. హీటరు కడ్డీ మట్టిలో కూరుకుపోయింది, ఆ మట్టి కాలి కాలి ఇటుకముక్క అయింది. ఎవరు అలికారని అడిగాను.

"నేనే, తమ్మీ" అంది అక్క. "దినాం పొయ్యి సాపు చెయ్యాలని నువ్వే రాసినవు గద. అలకకుంటే సాపెట్లయితది?"

గోడ మీద నా జాబితా ఉంది. పదమూడు సూచనలు, పన్నెండు వైర్ల గురించే. మొదటిది మాత్రం అక్క చెప్పినదే, నా చేతిరాతలోనే. ఎలా చేయాలో ఒక్క ముక్క రాయలేదు. నవ్వాగక నేల మీద కూర్చున్నాను.

ఒంటిగంటకు పని మొదలు. ముందు బ్యాటరీ వైరు తీయాలి. గిన్నె చల్లగా ఉండాలి. కడ్డీని కొట్టకూడదు, విరుగుతుంది. మట్టిని పెచ్చులుగా ఊడదీసి, ఇత్తడి బ్రష్షుతో తుడిచి, పొడిగుడ్డ పట్టాలి. నీళ్లు వద్దు. రంధ్రాలు పదహారు. నేను గుండుసూదితో నాలుగు తెరిచేలోగా అక్క గాజుకున్న పిన్నీసుతో పన్నెండు తెరిచింది.

మూడూ ఇరవైకి స్విచ్చు వేశాం. బావ గడియారం పట్టుకున్నాడు. ఒక నిమిషం, ఏమీ లేదు. రెండో నిమిషం, బావ నా వైపు చూడడం మానేశాడు. మూడో నిమిషానికి సన్నని పొగ. నాలుగో నిమిషానికి మంట. బావ నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. నా చేతిలో పానా ఉండడంతో రెండు గ్లాసులు పగిలాయి.

అప్పుడు అక్క, "బయట గూడ గీకాల్నా?" అంది. రేకు మీద కూడా ఎప్పుడో మట్టి పూసి ముగ్గు వేసి ఉంచింది. గోకుదామని చెయ్యి పెట్టాను. చెయ్యి కాలలేదు. వేడి లోపలే ఆగుతోంది. అరవై మందికి కోళ్లు కాలాక చూస్తే, నేను లెక్కకట్టిన గోళీల్లో పావు బస్తా మిగిలింది.

సోమవారం ఏడు గంటల బస్సుకు తిరిగి బయలుదేరాను. గోడ మీద ఇప్పుడు కొత్త జాబితా ఉంది: లోపల బ్రష్షు, బయట అలుకు. రెండో ముక్క అక్క రాసింది. బ్రష్షు అక్కడే వదిలేశాను. సంచిలో దాని చోట కాగితంలో చుట్టిన ఎర్రమట్టి ముద్ద ఉంది, రెండో మిషన్ కోసం.