కల్లు వేళకు వచ్చిన ఫోన్

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఉంటే ఈ ఉద్యోగం చేయలేను. కామారెడ్డిలో, మత్తు మాన్పించే వార్డులో నర్సును. మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటుపడి, ఒక్కసారిగా మానేసినవాళ్లు మా దగ్గరికి వస్తారు. చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి. చచ్చిపోయిన మొగుడు మంచం పక్కనే కూర్చున్నాడంటారు. మందు పడి రెండు రోజులు నిద్రపోతే ఆ మొగుడూ పోతాడు. ఇన్నేళ్లలో నేను విన్న దయ్యాలన్నీ మందుకు లొంగినవే.

ఒక్కటి తప్ప.

సాయవ్వది ఎల్లారెడ్డి దగ్గర పల్లె. కూలి మనిషి, నా అనేవాళ్లు లేరు. ఫిట్స్‌తో మా వార్డులో చేరి చావు తప్పించుకుంది. మళ్లీ మొదలుపెడితే ఈసారి దక్కదని డాక్టర్ తేల్చి చెప్పారు.

ఇంటికి పంపేటప్పుడు నా భయమంతా సాయంత్రం గురించే. కూలి నుంచి వచ్చి కాళ్లు కడుక్కునేసరికి ఊరు ఊరంతా కల్లు దుకాణం దారి పడుతుంది. ఆ వేళ గడిస్తే ఆ రోజు గడిచినట్టే. అందుకని రోజూ సరిగ్గా అప్పుడే ఫోన్ చేసేదాన్ని. ఏం కూర వండిందో, ఎవరి చేనులో కలుపు తీసిందో అడుగుతూ చీకటి పడేదాకా మాటల్లో పెట్టేదాన్ని.

నా సంగతులు మాత్రం చెప్పేదాన్ని కాదు. చెప్పడానికేముంది? అమ్మ పోయాక అద్దె గదిలో నేనొక్కదాన్నే. నిజం చెప్పొద్దూ, డ్యూటీ దిగాక నేను మాట్లాడే మనిషి కూడా సాయవ్వ ఒక్కతే.

ఒకరోజు జ్వరంతో మధ్యాహ్నమే ఇంటికొచ్చి, సాయంత్రానికి లేవొచ్చనుకుని ఫోన్ ఆఫ్ చేసి పడుకున్నాను. లేచేసరికి తెల్లారింది. కల్లు వేళ ఎప్పుడో దాటిపోయింది. ఫోన్ చేస్తే సాయవ్వ ఎత్తలేదు. ఎల్లారెడ్డి బస్సెక్కాను, అక్కడి నుంచి ఆటో. తాగి పడిపోయి ఉంటుంది, చూసేవాళ్లు కూడా ఉండరు అని దారంతా ఏడుపొచ్చింది.

సాయవ్వ గడప ముందు కూర్చుని చాటలో బియ్యం చెరుగుతోంది. కళ్లు తేటగా ఉన్నాయి. చేతుల్లో వణుకు లేదు. నేను నోరు తెరవకముందే ఆమే అడిగింది.

"ఇప్పుడు నిమ్మలమేనా బిడ్డా?"

"నాకేమైంది అవ్వా?"

"నిన్న పొద్దుగూకంగ ఫోన్ల గంత ఏడిస్తివి గదా! దుకాణం దిక్కు పోదామని చెప్పులేసుకున్న. గప్పుడే నీ ఫోనొచ్చె. నువ్వు గట్ల ఏడుస్తుంటె నిన్ను ఇడిసి నేనెట్ల పోత?"

నా ఫోన్ ఆఫ్‌లో ఉందని చెప్పాను. ఆమె నమ్మలేదు.

"అమ్మ పోయినంక గూడ ఇద్దరికే బియ్యం కడుగుతున్న అవ్వా, అని నువ్వే అంటివి."

ఆమె పక్కనే కూర్చున్నాను. అది నిజం. రోజూ ఇద్దరికి వండుతాను. మిగిలింది పొద్దున వీధి కుక్కకు పెడతాను. సిగ్గేసి ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

ఆమె ఫోన్ తీసి చూశాను. పొద్దున నేను చేసిన మిస్డ్ కాల్ ఉంది. ముందురోజు సాయంత్రం నా నుంచి ఏ కాల్ లేదు. కల్లు మానినవాళ్లకు లేని గొంతులు వినిపిస్తాయని నాకు తెలుసు. కానీ లేని గొంతుకు నా గదిలో సంగతి ఎవరు చెప్పారు?

సాయవ్వ ఇప్పటికీ కల్లు ముట్టలేదు. ఆ ఏడుపు ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ రోజు లేచి వచ్చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. అప్పుడు చూశాను, చాటలో బియ్యం ఇద్దరికి సరిపడా ఉన్నాయి.

"పొద్దుగాల్ల వస్త అంటివి గదా," అంది.