మావ ఎల్లిపోనాడు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి మనిషికి కొంచెమైనా జుట్టు నెరిసి ఉండాలంటారు. నాకింకా నెరవలేదు. కానీ అప్పటినుంచి ఇప్పటికి మూడు ఫోన్లు మార్చాను కాబట్టి, నాకూ ఒక పూర్వకాలం ఉన్నట్టే లెక్క. ఆ పూర్వకాలంలో నేను విజయనగరంలో ఇంజనీరింగ్ మూడో ఏడు చదివేవాణ్ణి. చదివేవాణ్ణి అనడం కాలేజీవాళ్లు ఒప్పుకోరు. వాళ్ల లెక్కలో నేను డెబ్బయ్యొక్క శాతం మాత్రమే చదివేవాణ్ణి. హాజరు డెబ్బయ్యైదు లేకపోతే సెమిస్టరు పరీక్షకు కూర్చోనివ్వరు. ఆ సంగతి పూటకోసారి గుర్తుచేసే మా హెచ్చోడీ గారిని అందుకే మేమంతా 'డెబ్బయ్యైదు సార్' అనేవాళ్లం. ఆయనది గుంటూరు వైపు. 'పో' అంటే పో అనే, 'రా' అంటే రా అనే మనిషి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ముందుముందు దీనితో పనుంది.

మిగతా ఇరవై తొమ్మిది శాతం ఎక్కడికి పోయిందంటారా? కొత్తవలస స్టేషన్‌కి. మా ఇల్లు అక్కడికి కూతవేటు దూరం. కిరండూల్ లైను విడిపోయేది అక్కడే కనుక రకరకాల ఇంజన్లు వచ్చి ఆగుతాయి. వాటిని వీడియో తీసి నా ఛానెల్లో పెట్టడం నా హాబీ. ముప్పై ఎనిమిది మంది చందాదారులు. (అందులో నలుగురం నేనే.) ఏ ఇంజను ఏ రైలుకు తగిలించారో చెప్పుకునే వాట్సాప్ గ్రూపు కూడా ఒకటి ఉండేది. దేశాన్ని కాపాడే పని ఏదో మా మీదే పడ్డట్టు తెల్లారకముందే అందులో సమాచారం వచ్చిపడేది. మా అమ్మ దృష్టిలో మాత్రం ఇది హాబీ కాదు. "కుక్కలు బండ్లెనకాల పరిగెడతాయి, ఈ గుంటడు ఇంజన్లెనకాల పరిగెడతాడు" అని వీధిలో అందరికీ చెప్పేది. కుక్కలు వీడియో తీయవు కదా అని నేను వాదించేవాణ్ణి. అంతకంటే పెద్ద తేడా నాకూ దొరికేది కాదు.

ఆ సోమవారం రెండు ముఖ్యమైన సంఘటనలు ఒకేసారి జరిగాయి. సెలవు మీద వచ్చిన మా మావ (అమ్మ తమ్ముడు, కిరండూల్లో గనుల దగ్గర ఒక క్యాంటీన్లో వంట చేస్తాడు) తిరుగు ప్రయాణమయ్యాడు. అదే కిరండూల్ రైలుకు ఎప్పుడూ వచ్చేది కాక వేరే ఇంజను తగిలించారని గ్రూపులో కబురొచ్చింది. మావని రైలెక్కించి రమ్మని అమ్మ చెప్పినప్పుడు నేను ఎంత వినయంగా తలూపానో చూసి ఆమెకే అనుమానం వచ్చి ఉండాలి. మావ చేతిలో రెండు సంచులు, నా చేతిలో ఎండు చేపల పొట్లం. ఆ కొండల్లో అన్నీ దొరుకుతాయట, ఎండు చేపలు మాత్రం మా అమ్మ కట్టిచ్చినవే కావాలట.

రైలొచ్చింది. మావ ఎక్కాడు. కిటికీ సీటు పట్టుకుని, సంచులు పెట్టేసి, మళ్లీ గుమ్మంలోకి వచ్చి చేతులూపుతూ నిలబడ్డాడు. నేనేమో ప్లాట్‌ఫారం చివరికంటా పోయి, ఇంజన్ని, దాని వెనక పెట్టెల్ని ఒకే ఫ్రేములో ఇరికించే మహత్కార్యంలో ఉన్నాను. సరిగ్గా ఫ్రేము మధ్యలో మా మావ సగం బయటికి వేలాడుతున్నాడు.

"మావా, లోపలికెల్లు! అడ్డొస్తన్నావు!"

"ఏటీ?"

"అడ్డు తప్పుకోమంతన్నాను!"

"ఆఁ! బాగా సదువుకో!" అని మావ ఆనందంగా ఇంకో చెయ్యి కూడా ఊపాడు. రైలు కదిలింది. చివరి పెట్టె దాటాక చూసుకుంటే ఎండు చేపల పొట్లం నా చంకలోనే ఉంది. ఆ వెనకే విజయనగరం వెళ్లాల్సిన నా రైలు, అవతలి ప్లాట్‌ఫారం మీదినుంచి, నన్నడక్కుండానే బయల్దేరుతోంది.

ఇక కాలేజీకి కబురు చెప్పాలి. ఒక చేతిలో పొట్లం, దాని వాసన ఇంకో చేతికి కూడా అంటింది. కొత్త ఫోను, ముట్టుకోబుద్ధి కాలేదు. అందుకని మైకు బొమ్మ నొక్కి నోటితో చెప్పాను. మా ఫోన్లో ఉన్నావిడకు అన్ని భాషలూ వచ్చు, మా భాష తప్ప. 'ఏటి' అంటే ఏటి ఒడ్డు అనుకునే తల్లి. ఆ సంగతి తెలిసీ, సార్ ఉన్న మా సెక్షన్ గ్రూపులో ఉన్నదున్నట్టు ఇలా చెప్పాను: "సార్, మావ కిరండూల్ రైలుకి ఎల్లిపోనాడు. ఎండు సేపలు నా సేతిలోనే ఉండిపోనాయి. ఈరోజు రాలేను."

పంపేసి, చూసుకోకుండా ఫోను జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను. పొట్లం అమ్మకిచ్చి, తిట్లు పుచ్చుకుని, వీడియో ఎక్కించే పనిలో పడ్డాను. మధ్యాహ్నానికి సెక్షన్ గ్రూపు తెరిస్తే అరవై మూడు మెసేజులు. అన్నీ దణ్ణాలు పెడుతున్న చేతులే. నా వీడియోకి ఇంత స్పందనా అని ఒక్క క్షణం కళ్లు చెమర్చాయి. (ఆ క్షణాన్ని నేనిప్పటికీ క్షమించుకోలేదు.) ఇంతలో మా వాడొకడు ఫోన్ చేశాడు. మాటకీ మాటకీ మధ్య ఆగిపోతాడని వాడికి బఫరింగ్ అని పేరు.

"ఒరే బావ... ఎలగ... జరిగినాదిరా?"

"ఏటి జరిగినాది?"

"అదేరా... మీ మావ..."

"మావా? సుకంగా ఎల్లిపోనాడురా. కిటికీ పక్క సీటు దొరికినాది."

అవతల ఎప్పటికంటే ఎక్కువసేపు ఆగింది.

"ధైర్యంగా... ఉండరా" అని పెట్టేశాడు.

అప్పుడు పైకి జరిపి నా మెసేజి చదువుకున్నాను. ఫోన్లో తల్లి నా భాషను సంస్కరించి, దానికి తెలిసిన మంచి తెలుగులో ఇలా రాసింది: "సార్ మామ కింద రైలుకి పోయాడు ఎంతసేపు నా చేతిలోనే ఉండి పోయాడు ఈరోజు రాలేను."

కింద డెబ్బయ్యైదు సార్ జవాబు. సెక్షన్లో ఎవరికీ ఒక్కమాట కూడా మెత్తగా చెప్పి ఎరగని మనిషి. "బాబూ, మాటలు రావడం లేదు. కార్యక్రమాలన్నీ పూర్తయ్యాకే రా. హాజరు సంగతి నేను ప్రిన్సిపాల్ గారితో మాట్లాడి మినహాయింపు ఇప్పిస్తాను."

మినహాయింపు! ఆ ఒక్క మాటతో డెబ్బయ్యొక్కటి డెబ్బయ్యైదవుతుంది. నేను చెడ్డవాణ్ణి కాదు. "సార్, మావ బతికే ఉన్నాడు" అని టైపు చేశాను, ఈసారి వేలితోనే. ఆ వాక్యాన్ని చాలాసేపు చూశాను. అబద్ధం నేనాడలేదు కదా, ఫోనాడింది. దాని తప్పు నేనెందుకు దిద్దాలి? పైగా అంతమంది దణ్ణాలు పెట్టాక ఇప్పుడు మావ బతికొస్తే వాళ్ల మనసు కష్టపడదా? ఇలా ఇతరుల మనసు గురించి లోతుగా ఆలోచించి, వాక్యం చెరిపేశాను. మంగళ, బుధవారాలు శోకంలో గడిపాను, అంటే స్టేషన్లో. అమ్మకు మాత్రం కాలేజీలో సెలవులన్నాను.

గురువారం పొద్దున్న మా గుమ్మం ముందు ఆటో ఆగింది. డెబ్బయ్యైదు సార్, మా క్లాసు లీడరు సీఆర్ అమ్మాయి, బఫరింగ్ దిగారు. సార్ చేతిలో అరటిపళ్లు. నేను పెరటి దారిలో పారిపోదామనుకునేలోపు అమ్మ ఎదురెళ్లి ఒకటే సంబరం. మా ఇంటికి మేష్టార్లు రావడం అదే మొదలు.

"రండి బాబూ, కూకోండి. టీ పెడతాను."

"వద్దమ్మా. ఇలాంటప్పుడు ఏమీ తీసుకోం" అన్నారు సార్ తల దించుకుని.

"ఏటి బాబూ, మా ఇంట టీ కూడా ముట్టరేటి?" అమ్మ గొంతులో సంబరం పోయి రోషం వచ్చింది.

"అది కాదమ్మా. మీ తమ్ముడుగారి విషయం..."

"మా తమ్ముడా? సోమారం పొద్దున్నే ఎల్లిపోనాడు బాబూ. ఎప్పుడూ అంతే, నాలుగు రోజులైనా ఉండడు, పోనాడంటే మళ్లీ దసరాకే వస్తాడు."

సార్ తలెత్తారు. "మళ్లీ... వస్తారా?"

"రాకేటి? ఏటేటా వస్తాడు. వచ్చినాడంటే కోడి కొయ్యాల్సిందే."

సీఆర్ అమ్మాయి బఫరింగ్ చెయ్యి పట్టుకుంది. (వాడి జీవితంలో జరిగిన ఒకే ఒక మంచి సంఘటనకు నేను కారణమని వాడు ఇప్పటికీ ఒప్పుకోడు.) అంతలో బల్ల మీద అమ్మ ఫోను మోగింది. వీడియో కాల్. నేను దూకేలోపు అమ్మ నొక్కేసి సార్ వైపు తిప్పింది. తెర నిండా మావ మొహం, వెనక ఆవిర్లు కక్కుతున్న గుండిగ.

"అక్కా! ఎండు సేపలు మర్సిపోనాన్నే! ఈ గుంటడి దగ్గిరే ఉండిపోనాయి!"

డెబ్బయ్యైదు సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, చాలా మర్యాదగా అడిగారు.

"నమస్కారమండీ. మీరు... క్షేమమేనా?"

"సేమమే సార్! తమరెవరు?"

"మీరు చనిపోయారంటే పరామర్శకు వచ్చానండీ."

"నానా? ఎప్పుడు?"

"సోమవారం."

మావ కాసేపు నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. "నేదు సార్, సోమారం రాత్రి డ్యూటీ సేసినాను" అన్నాడు. ఆ తర్వాత జరిగిందంతా బఫరింగే చెప్పాడు, ఎన్నడూ లేనిది ఎక్కడా ఆగకుండా. అంతా విని మావ గుండిగలో గరిటె వదిలేసి మరీ నవ్వాడు. నవ్వు తగ్గాక అడిగాడు: "అయితే సార్, నాను పోయినట్టే ఉంచీసినా పరవానేదు. ఈడికి ఆ డెబ్బయ్యైదు వచ్చీస్తాదా?"

నేనప్పుడు నవ్వలేకపోయాను. అమ్మ నా వైపు చూడనేలేదు, అది తిట్లకంటే ఎక్కువ తగిలింది.

"రాదండీ" అన్నారు సార్. నా వైపు తిరిగి, "రేపటినుంచి ఆఖరు రోజు దాకా ఒక్క పీరియడు పోగొట్టుకోకపోతే సరిగ్గా డెబ్బయ్యైదు. లెక్క వేసుకునే వచ్చాను. ఇకమీదట సెలవు కావాలంటే కాగితం మీద చేత్తో రాసివ్వు. అర్థం కాకపోతే నిన్నే అడుగుతాను" అన్నారు. మౌనంగా గుమ్మం దాటారు. చావు ఇంటినుంచి 'వెళ్లొస్తాం' అనకుండా పోవాలి కదా, ఆ లెక్కలోనే ఉన్నట్టున్నారు. ఆటో దాకా వెళ్లి, ఏదో తట్టినట్టు ఆగి, వెనక్కొచ్చి మళ్లీ కూర్చున్నారు. "ఏదమ్మా, ఆ టీ ఇవ్వండి" అన్నారు. తాగి, లేచి, ఒక్కొక్క అక్షరం విడమరిచి "వె-ళ్లొ-స్తాం" అన్నారు.

డెబ్బయ్యైదు వచ్చింది, మీద ఒక్క దశాంశం కూడా లేకుండా. ఆ రెండు నెలలూ కొత్తవలసలో ఏ ఇంజను వచ్చిందో, ఏది పోయిందో నాకు తెలియదు. దేశానికి ఏమీ కాలేదు. ఎండు చేపలు పార్సెల్లో వెళ్లాయి.

మొన్న ఫోన్లో జాగా నిండిపోయిందంటే పాత వీడియోలు చెరుపుతూ కూర్చున్నాను. అంత గొప్పగా తీసిన ఇంజన్లన్నీ ఒకేలా ఉన్నాయి. ఏది ఏదో నాకే తెలియలేదు, వరసగా నొక్కిపారేశాను. ఆ సోమవారంది దగ్గర మాత్రం వేలు ఆగిపోయింది. అందులో ఇంజను సగమే కనబడుతుంది. మిగతా సగానికి అడ్డంగా మా మావ, రెండు చేతులూ ఊపుతూ. వెనకనుంచి ఎవడో తెలివితక్కువ కుర్రాడి గొంతు, "అడ్డు తప్పుకోమంతన్నాను" అని అరుస్తుంటుంది. ఛానెల్లో దాన్ని నలభై ఒక్కసారి చూశారు. ముప్పైకి పైగా తనే చూశానని మావ చెప్పాడు. మిగతావి నావి. ఇంజను కోసం కాదు.