మారు వడ్డన

మొన్న ఒకరింట్లో పిల్లలు ఆడుకుంటుంటే గవ్వలు గచ్చు మీద గలగలమన్నాయి. ఆ చప్పుడుకి భాస్కరం మాస్టారు గుర్తొచ్చారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

తొంభైల చివర్లో, మేం అమలాపురంలో డిగ్రీ చదివేటప్పుడు, ఆదివారం మధ్యాహ్నాలు ఆయన అరుగు మీద ఒక ఆట సాగేది. ఆయన మాయారాజ్యం కథ ఒకటి చెప్పేవారు. అందులో నేను వైద్యుణ్ణి, నా స్నేహితుడు రాంబాబు విలుకాడు. ఏం చేస్తామో మేం చెప్పాలి, అది ఫలించిందో లేదో గవ్వలు చెప్పాలి. ఆట నియమాల పుస్తకాన్ని బెంగళూరు నుంచి మేనల్లుడు పంపాడట. అందులో చెప్పిన పాచికలు మా ఊళ్లో దొరక్క గవ్వలతో సరిపెట్టారు.

ఒకసారి కథలో మేం ఏరు దాటి ఒక ఊరు చేరాం. అక్కడివాళ్లు ఆదరించి, అరిటాకులు వేసి భోజనం పెట్టారు. తిని పడుకున్నాం. లేచేసరికి కాళ్లకు సంకెళ్లు. ఆ ఊరి జనమంతా ఒక మాంత్రికుడు చేసిన బొమ్మలట.

"ఇది అన్యాయమండీ మాస్టారూ! ఒక్క క్లూ అయినా ఇవ్వలేదు," అన్నాడు రాంబాబు.

"ఇచ్చేనయ్యా. భోజనంలోనే పెట్టేను."

"విషమాండీ?"

"కాదు. మారు వడ్డించేరా మీకు?"

మేం గుర్తు చేసుకున్నాం. పప్పు, పులుసు, పెరుగు అన్నీ మాస్టారు చెప్పారు. ఇంకాస్త వేసుకోమని మాత్రం ఆ కథలో ఎవరూ అనలేదు.

"మన వైపు ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టినా ఊరుకోరు కదా. మీరు కూరలు చూసుకున్నారు గానీ, పెట్టే మనిషిని చూసేరా?"

"ఆయ్, ఆకలి మీదున్నామండీ," అన్నాడు రాంబాబు. మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వారు.

ఆధారాన్ని దాచకూడదనేవారు ఆయన. రోజూ చూసేదాంట్లో ఒకటి తగ్గించి, ఎదురుగానే ఉంచాలనేవారు.

ఉద్యోగం వచ్చి నేను రాజమండ్రిలో ఉంటున్నప్పుడు, ఒక సెలవులో ఆయన్ని చూడబోయాను. కాఫీ ఇచ్చారు. చిక్కారేమని అడిగితే ఎండలన్నారు. కాసేపు మాట్లాడి, "వెళ్లొస్తానండీ," అన్నాను.

"మంచిది," అన్నారు.

ఆ ఇంట్లో ఆ మాటకి "అప్పుడే ఏంటి, కూర్చో" అన్నదే ఎప్పుడూ జవాబు. గేటు దాకా వెళ్లి ఆగిపోయాను. వెనక్కి వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాను.

"ఏం మర్చిపోయేవు?"

"మీరు ఉండమనలేదండీ."

"దొరికిందన్నమాట," అన్నారు. తర్వాత డాక్టర్లు ఏమన్నారో నెమ్మదిగా చెప్పారు. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదట. ఆ సెలవంతా నేను అక్కడే ఉన్నాను.

ఇప్పటికీ ఎవరింటి నుంచైనా బయల్దేరేటప్పుడు చెప్పులు వేసుకోవడం కాస్త ఆలస్యం చేస్తాను. ఇంకాసేపు ఉండమంటే వెళ్లిపోతాను. అనకపోతే కూర్చుంటాను.