ఒకే జట్టులో ఇద్దరు గోల్‌కీపర్లు

ఫుట్‌బాల్ జట్టు కట్టేటప్పుడు ముందు గోల్‌కీపర్ని చూసుకోమని ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాను. మా ఉదయగిరి గ్రౌండులో ఎవరూ వినరు. ఇక్కడ ఆటలో సమానమైన ఇద్దరు పక్కకెళ్లి, గుసగుసగా చెరో మారుపేరు పెట్టుకొస్తారు. ఏ పేరు ఎవరిదో తెలియని కెప్టెన్లు చెరొకటి కోరుకుని మనుషుల్ని పంచుకుంటారు.

మాకున్న గోల్‌కీపర్లు ఇద్దరే, అన్నదమ్ములు. పొలం గట్టు తగాదాతో మాటల్లేవు. ఇద్దరూ జతగా వస్తే చెరో జట్టుకూ పోయేవాళ్లు, కానీ ఈ సాయంత్రం ఎవరికి వాళ్లు వేరేవాళ్లతో జతకట్టారు. చివరికి ఇద్దరూ మా జట్టులోకే వచ్చిపడ్డారు.

"ఒకరు అటు పోండిరా," అన్నాను.

"నేనేంది పోయేది, వాణ్ణి పొమ్మను," అన్నాడు అన్న. తమ్ముడూ నాతో అదే మాట అన్నాడు.

అవతల గోల్ ఖాళీ. కొట్టిన బంతి కొట్టినట్టు లోపలికి పోయింది, సంబరానికైనా ఒక్కరూ ఈల వేయలేదు. మా గోల్ దగ్గర ఆ ఇద్దరూ చెరో స్తంభం పక్కన మొహాలు తిప్పుకుని నిలబడ్డారు.

జట్టు ఎలా కట్టాలో నన్నడగండి, చెబుతాను. వాళ్లిద్దరి చేత ఒక్క మాట ఎలా మాట్లాడించాలో మాత్రం మీరే చెప్పాలి.