మేస్త్రన్న పాటలో ఖాళీ జాగా

నా పేరు ఓబుళమ్మ. కడప జిల్లా దాన్ని. అరవై నాలుగేళ్లు. గల్ఫ్‌లో, అల్ అమెరాత్ అనే ఊళ్లో ఒకరింట్లో వంట చేస్తాను. వెనక గదిలో నేను, నా చెల్లెలి కూతురు రమాదేవి ఉంటాం. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే అది రాస్తోంది. మా పక్క రూమ్‌లో ఉండే జగిత్యాల మేస్త్రన్న పోయిన వారం డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పుకుంటూ కూలబడి, మళ్లీ లేవలేదు. శవాన్ని ఊరికి పంపాం. ఆ తర్వాత జరిగింది మన సంఘం పత్రిక చదివేవాళ్లకు చెప్పాలి.

మేస్త్రన్న ఊళ్లో ఒగ్గు కథ చెప్పిన మనిషి. ఇక్కడ గోడలు కట్టాడు. తినబోయే ముందు చేతులు మూడుమార్లు కడిగినా గోళ్లలో సిమెంటు పోయేది కాదు. గొంతులోనూ అదే గరగర. ఏసీలు బాగుచేసే మలయాళీ సాజన్‌కు ఒక రాక్ బ్యాండ్ ఉంది. వాళ్లు ఆ గొంతు విని, గిటారు, డ్రమ్ములు జోడించి ఒక ఆల్బమ్ చేశారు. మనవాళ్లు వినలేదు. విన్న ఇద్దరు ముగ్గురూ, "ముసలోనికి దమ్ము చాల్తలేదు, నడుమ నడుమ ఆగుతుండు" అని నవ్వారు.

దమ్ము చాలక కాదు. కథ చెప్పేవాడు ఒక మాట విడిచి ఆగితే పక్కవాడు ‘ఔ’ అని అందుకోవాలి. అందుకునే గొంతు లేకపోతే కథ ముందుకు కదలదు. ఆ ఖాళీలో సాజన్ గిటారు పలికేది.

"ఏమన్నా, ఆ మోతలో నీ పాట ఎవురికి ఇనపడతాది?" అని అడిగానొకసారి.

"మోత గాదు చెల్లె. నేను పిలుస్తున్న, వాడు పలుకుతుండు. తెలుగు రానోడు పలుకుతుండు. మనోళ్లు? నీ పులుసు లెక్క, మూత పెట్టుకొని కూసుంటరు!"

శుక్రవారం సంతాప సభలో ఆయన పాట పెట్టారు. గొంతు వచ్చింది, ఆగింది. గిటారు పలకబోతుండగానే సంఘం పెద్ద ఆపేశాడు. "ఈ డ్రమ్ములు ఇక్కడ మర్యాదగా ఉండవు" అని భజన పెట్టించాడు. చివరి వరుసలో ఉన్న సాజన్, అతని మనుషులు లేచి వెళ్లిపోయారు. కూరలో ఉప్పెక్కువైందన్నందుకే నెల రోజులు పోట్లాడే దాన్ని, సభలో పంచిన సమోసా నోట్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ సమోసా మింగలేకపోయాను, ఉమ్మలేకపోయాను.

ఇప్పుడు సంఘం వాళ్లు గిటారు తీసేసి, ఖాళీలు కత్తిరించి, వట్టి గొంతు అందరి ఫోన్లకూ పంపుతారట. అయ్యా, వద్దు. అవి కత్తిరిస్తే ఆయన మనల్ని పిలవనే లేదని రుజువు చేసినట్టు. ఉన్నది ఉన్నట్టు పంపండి.

నిన్న బ్యాండ్ వాళ్ల షెడ్డుకు వెళ్లి తప్పయిందన్నాను. సాజన్ స్పీకరులో మేస్త్రన్న గొంతు ఒక్కటే పెట్టి, గిటారు ఒళ్లోకి తీసుకున్నాడు. మేస్త్రన్న ఒక మాట విడిచి ఆగాడు. సాజన్ తీగ ముట్టుకోలేదు. నా వైపు చూశాడు. ‘ఔ’ అని అందుకోవాల్సింది నేనని తెలిసేసరికి పాట నన్ను దాటి వెళ్లిపోయింది. కొంత దూరం వెళ్లి, మళ్లీ ఆగింది.

ఇది నేను చెప్పిందే అని వేసిన నా ఎడమ బొటనవేలి గుర్తు.
చూసినవాళ్లు: రమాదేవి, సాజన్.