మాచర్ల మీదుగా కంపాలా

కంపాలా వెళ్లదలచినవారికి ముందే ఒక మాట. ఎల్లో ఫీవర్ టీకా కార్డును పాస్‌పోర్టుతో పాటే ఉంచుకోండి. నేను ఉంచుకోలేదు.

మా చిన్నన్నయ్య ఉగాండా రాజధాని కంపాలాలో బోర్లు వేసే కంపెనీలో మేస్త్రీ. నాలుగేళ్లుగా ఇంటికి రాలేదు. నాకు బెంగ పట్టుకుని, నువ్వు రాకపోతే నేనే వస్తానని ఫోన్‌లో అనేశాను. నరసరావుపేట బళ్లో లెక్కలు చెప్పుకునే నాకు దసరా సెలవులు తప్ప వేరే దారి లేదు. మా ఆయనకు సెలవు దొరకలేదు. "పిడుగురాళ్ల దాటితే దారి తెలీదు నీకు, ఆఫ్రికా ఏంది?" అని నవ్వాడు. దాంతో నాకు పట్టుదల పెరిగింది. వీసా ఆన్‌లైన్‌లో వచ్చింది. టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలంటే హైదరాబాదు వెళ్లి వేయించుకొచ్చాను.

టికెట్ మంగళవారానికి కుదిరింది. మంగళవారం గడప దాటకూడదన్న మా అత్తగారే విరుగుడూ చెప్పారు. ఆదివారం మంచి ఘడియలో ఒక సంచి ఎదురింట్లో పెడితే ప్రయాణం అప్పుడే మొదలైనట్టు. దాన్ని పరస్థానం అంటారు. ఉత్త సంచి పనికిరాదు, నిజంగా అవసరమైనవి ఉండాలన్నారు. రెండు చీరలు, కందిపొడి, వాటి మీద టీకా కార్డు పెట్టాను. పెట్టిన సంచి మళ్లీ మా ఇంటికి రాకూడదు, వెళ్లేటప్పుడు అక్కణ్నుంచే తీసుకెళ్లాలి.

ఎదురిల్లు ఖాసింబీ పిన్నిది, బట్టలు కుడుతుంది. మక్కాకు, ఉమ్రా యాత్రకు తీసుకెళ్తానని అల్లుడు రెండుసార్లు అడిగినా విమానానికి భయపడి మానుకుంది. సంచి అందుకుంటూ, "గాల్లో ఎట్టా కూచుంటావమ్మాయ్, ఒక్కదానివి?" అంది.

మంగళవారం ఉదయం తొమ్మిదికి పెట్టెతో వెళ్తే పిన్ని ఇంటికి తాళం. మనవడికి జ్వరమని మొదటి బస్సుకే మాచర్ల, కూతురింటికి వెళ్లిందట. రాత్రి విమానం కదా, మధ్యాహ్నానికి వచ్చేద్దామనుకుందట. సంచీ తనతోనే ఉంది. "నమ్మి ఇచ్చినావు. తాళమేసిన ఇంట్లో వదిలిపోతానా?" అంది ఫోన్‌లో.

కార్డు లేకపోతే విమానం ఎక్కనివ్వరు. హైదరాబాదుకే ఆరు గంటల దారి, పిన్ని వచ్చేదాకా ఆగితే విమానం అందదు. నాకు ఏడుపొచ్చింది. మా ఆయన మాత్రం మాచర్ల నుంచి హైదరాబాదుకు బస్సులు లేవా ఏందంటూ నా పెట్టె భుజానికెత్తుకున్నాడు.

తొమ్మిదిన్నర బస్సు దొరికింది. పక్క సీట్లో వెల్దుర్తి పెద్దాయన నా కథ విని కండక్టరుకు చెప్పాడు, కండక్టరు ముందు సీట్లకు చెప్పాడు. పిడుగురాళ్ల దాటాక మా ఆయనకు ఫోన్ చేసి, ఇంకా దారి తప్పలేదని చెప్పాను. పదకొండూ నలభైకి మాచర్ల స్టాండులో పిన్ని సంచిని గుండెకు హత్తుకుని నిలబడి ఉంది, కళ్లలో నీళ్లు. కోప్పడదామనుకున్నదాన్ని కావలించుకున్నాను. జ్వరం తగ్గిందట. హైదరాబాదు బస్సు కిటికీలోంచి చపాతీల పొట్లం అందించింది.

విమానాశ్రయంలో టికెట్‌తో పాటు కార్డూ అడిగారు. మొదటి విమానంలో పక్కన కంపాలా నర్సు ఒకామె బెల్టు పెట్టుకోవడం నేర్పి, పైకి లేచేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. ముంబయిలో ఆమెతోనే విమానం మారాను. కంపాలా విమానాశ్రయం ఉన్న ఎంటెబ్బేలో దిగి గడియారం రెండున్నర గంటలు వెనక్కి తిప్పాను. అన్నయ్య జుట్టు సగం నెరిసింది.

"ఇంత దూరం ఒక్కదానివే ఎట్టా వచ్చావే?"

"మాచర్ల మీదుగా," అన్నాను.

వారం రోజులు ఎర్రమట్టి కొండలూ, సముద్రమంత చెరువూ తిరిగాం. బైకు టాక్సీల మీద అన్నయ్య భుజం వదల్లేదు నేను. రోడ్డు పక్క కోడిగుడ్డు వేసి చుట్టిన చపాతీని రోలెక్స్ అంటారు, తప్పక తినండి. ఉడికించిన అరటికాయ ముద్దలో అన్నయ్య నా కందిపొడి కలుపుకుని కళ్లు మూసుకుని తిన్నాడు. అది చూశాక మంగళవారం పడ్డ కష్టం కష్టమే అనిపించలేదు.

తిరుగు ప్రయాణంలో ముంబయిలోనూ కార్డు చూస్తారు, జాగ్రత్త. నరసరావుపేటలో ఆటో దిగి, మా ఇంటికంటే ముందు పిన్ని ఇంటికెళ్లి రంగుల గుడ్డ ఇచ్చాను. గాల్లో ఎట్టా కూచున్నావో చెప్పమంది. బెల్టు దగ్గర్నుంచి అన్నీ చెప్పాను. విని, లోపలికెళ్లి ఒక సంచి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఉమ్రాకు వస్తానని అల్లుడికి చెప్పా. ఇది మీ ఇంట్లో పెట్టు." కాస్త ఆగి అంది, "నువ్వు మాత్రం మాచర్ల తీసకపోబాక."